గురక వెనుక కోపం: హైదరాబాదులో ఒక నిద్ర పరీక్షా కేంద్రంపై సమీక్ష

మేము ఖమ్మంలో ఉంటాం. మా అబ్బాయికి ఏడేళ్ళు. మొన్న జూన్‌లో వాణ్ణి హైదరాబాదు తీసుకువెళ్ళి, ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా నడుస్తున్న నిద్ర పరీక్షా కేంద్రంలో ఒక రాత్రంతా ఉంచి పరీక్ష చేయించాం. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ చూసిన లోపాలు ఆ ఒక్కచోటికే పరిమితమని నాకు అనిపించకపోవడం ఒక కారణం. మాకు ఎంతో మేలు చేసిన డాక్టరు కూడా అక్కడే ఉండటం రెండో కారణం. పిల్లల గురకతోనో, రాత్రి ఉలికిపాట్లతోనో, పక్క తడిపే అలవాటుతోనో సతమతమవుతూ ఇలాంటి పరీక్ష చేయించాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి, డబ్బు కట్టే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మార్కులు వేయమంటే డాక్టరుకు నూటికి నూరు వేస్తాను, పరీక్ష చేసిన అమ్మాయికి తొంభై, గదికీ ఏర్పాట్లకూ నలభై, మొదట మా చేతిలో పెట్టిన నివేదికకు సున్నా.

నిజానికి మేము బయలుదేరింది నిద్ర గురించి కాదు, కోపం గురించి. ఒకటో తరగతి సగంలోకి వచ్చేసరికి వాడి స్కూలు డైరీలో ఎర్ర సిరా ఎక్కువైంది. పక్కవాడి పెన్సిలు విరిచాడని, వరుసలో నిలబడడని, ఏమిట్రా అంటే అరిచి బల్ల కింద దూరతాడని టీచరు రాసేవారు. ఇంట్లోనూ అంతే. పళ్ళెంలో చట్నీ కాస్త జరిగి కారప్పొడికి తగిలిందని పావుగంట ఏడ్చిన రోజులున్నాయి. చివరికి స్కూల్లో కౌన్సెలర్ మమ్మల్ని పిలిచి, ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉన్నాయేమో ఎవరికైనా చూపించమన్నారు. మా అత్తయ్య మాత్రం వాడికి దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేవారు. ఆవిడను తక్కువ చేసి చెప్పడం లేదు. ఇంట్లో వాడి పక్కన పడుకునేది ఆవిడే. వాడు మెడ వెనక్కి విరిచి, నోరు తెరుచుకుని పడుకుంటాడనీ, తెల్లారేసరికి చొక్కా మెడ దగ్గర పిండితే కారేంత చెమట పడుతుందనీ మొదట గమనించినది కూడా ఆవిడే. గురక విషయంలో మాత్రం మా ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. వాళ్ళ తాతయ్య గురక వీధి చివరికి వినపడేదట. ఆయన పోలికే వచ్చిందని నవ్వుకునేవాళ్ళం.

ఖమ్మంలో మేము మొదటినుంచీ చూపించే చిన్నపిల్లల డాక్టరు ఈ గురకనూ ఆ కోపాన్నీ మొదటిసారి ఒకచోటికి తెచ్చారు. వారంలో మూడు రాత్రులకు తక్కువ కాకుండా గురక పెట్టే పిల్లలను అలా వదిలేయకూడదని చెప్పి, టార్చి వేసి గొంతు చూసి, టాన్సిల్స్ రెండూ దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయన్నారు. మెడకు పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్, అంటే మన ఊళ్ళలో ‘ముక్కులో కండ పెరిగింది’ అని చెప్పుకునే ఆ కండ, గాలి వెళ్ళే దారిని సగానికి పైగా ఆక్రమించి కనిపించింది. రెండు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లల్లో నిద్రలో ఊపిరి ఆగడానికి అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేవి ఈ రెండేనట. అయితే ఎంత పెద్దవిగా ఉన్నాయన్నదాన్ని బట్టి రాత్రి ఎంత ఇబ్బంది పడుతున్నాడో చెప్పలేమని, ఆపరేషన్ మాట ఎత్తే ముందు పరీక్ష చేయిస్తే మంచిదని ఆయనే హైదరాబాదు పంపారు.

ఆ కేంద్రంలో మొదటి రోజు డాక్టరుతో మాట్లాడటమే. పదకొండు గంటలకు రమ్మని పన్నెండున్నరకు పిలిచారు. ఆ గంటన్నరా ఊపిరి యంత్రాల కోసం వచ్చిన పెద్దవయసు వారి మధ్య, పిల్లలకు చేతిలో పట్టుకోవడానికి ఒక్క బొమ్మయినా లేని హాలులో వాణ్ణి ఆపడం మా వంతయింది. లోపలికి వెళ్ళాక మాత్రం ఆవిడ మాతో దాదాపు యాభై నిమిషాలు గడిపారు. మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. “పొద్దున లేవగానే మీవాడి మొదటి మాట ఏమిటమ్మా?” అన్నారు. జవాబు తోచలేదు. మాట ఎక్కడిది, రోజూ ఏడుపుతోనే కదా లేస్తాడు అని నాలో నేను అనుకుంటుండగానే, మా అబ్బాయి తలెత్తకుండా “తలనొప్పి” అన్నాడు. ఆ సంగతి వాడు మాకు అంతకుముందెన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ తర్వాత ఆవిడ అడిగినవన్నీ రాత్రికీ పగటికీ ముడిపడిన ప్రశ్నలే. స్కూలు వ్యానులో నిద్రపోతాడా, ఆదివారం ఎన్నింటికి లేస్తాడు, పక్క తడపడం పూర్తిగా మాని మళ్ళీ మొదలుపెట్టాడా లేక ఎప్పటినుంచో ఉన్నదేనా, పళ్ళు కొరుకుతాడా, దుప్పటి కాళ్ళతో తన్నేస్తాడా, ముక్కలు నమలలేక నీళ్ళతో మింగుతాడా, ఏడాదిగా బరువు ఎంత పెరిగాడు అని వరుసగా అడిగి రాసుకున్నారు. గాఢనిద్రలో ఉన్నప్పుడు చొక్కా విప్పి, ఛాతీ కనిపించేలా రెండు నిమిషాల వీడియో తీసి చూపమన్నారు. రెండు వారాలపాటు నిద్ర డైరీ రాసి తీసుకురమ్మన్నారు. ఈ రెండూ ఎవరైనా ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చేసుకోగలిగినవి. మేము తీసిన వీడియోలో వాడు ఊపిరి లోపలికి తీసుకోబోయిన ప్రతిసారీ డొక్కలు లోపలికి గుంజుకుపోవడం, మధ్యలో గురక ఒక్కసారిగా ఆగిపోయి, ఛాతీ మాత్రం ఎగిసిపడుతూ ఉండి, తర్వాత ఒక పెద్ద శబ్దంతో ఊపిరి అందుకోవడం కనిపించింది. ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా నేను అది చూడలేదు. దీపం ఆర్పాక పిల్లలను చూసేదెవరు?

వాడు అప్పుడప్పుడు రాత్రి పదకొండు ప్రాంతంలో కేక పెట్టి లేచి కూర్చుంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మమ్మల్ని గుర్తుపట్టడు. మేము కంగారుపడి, కుదిపి లేపి, మొహం కడిగి, నుదుట విభూతి పెట్టేవాళ్ళం. అది పీడకల కాదని ఆవిడ విడమరచి చెప్పారు. పీడకల రాత్రి చివరి జాములో వస్తుంది, పిల్లవాడు పూర్తిగా మేలుకుని దాన్ని చెప్పగలుగుతాడు. ఇది రాత్రి తొలి భాగంలో, గాఢనిద్రలోంచి మెదడు సగం మాత్రమే మేలుకున్నప్పుడు వస్తుంది, పొద్దునకు ఏమీ గుర్తుండదు. కుదిపి లేపితే గొడవ పెరుగుతుందే తప్ప తగ్గదు. మంచం మీంచి పడకుండా, దెబ్బ తగలకుండా చూసుకుంటూ అది సద్దుమణిగేదాకా ఆగితే చాలు. నిద్ర చాలకపోయినా, ఊపిరి అడ్డుపడి నిద్ర పదే పదే చెదిరినా ఇవి ఎక్కువవుతాయట.

ఊపిరికీ కోపానికీ లంకె ఏమిటని అడిగాను. ఆవిడ చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. అప్పటికే కండ పెరిగి ఇరుకైన దారి ఆ సడలింపుతో మూసుకుపోతుంది. ఊపిరి కోసం శరీరం పెనుగులాడుతుంది. మెదడు కొన్ని సెకన్లపాటు మేలుకుని కండరాలను బిగించి దారి తెరుస్తుంది. పిల్లవాడికి ఇది తెలియదు, పక్కనున్నవారికీ తెలియదు, కానీ రాత్రికి పదుల సార్లు ఇలా జరిగితే తొమ్మిది గంటలు పడుకున్నా పడుకోనట్టే. పెద్దవాళ్ళయితే మర్నాడు కునికిపాట్లు పడతారు. పిల్లల్లో చాలామంది కునికే బదులు నిలకడలేకుండా గెంతుతారు, చిన్నమాటకు రేగిపోతారు, ఏడుపు మొదలైతే ఆపుకోలేరు. ఎందుకంటే ఉద్వేగాలకు కళ్ళెం వేసే మెదడు ముందుభాగమే నిద్రలేమికి ముందుగా దెబ్బతింటుంది. అందుకే ఇలాంటి పిల్లల మీద అతి చురుకుదనం ముద్ర త్వరగా పడుతుంది.

శరీరం మీద పడే ప్రభావం కూడా తక్కువేమీ కాదు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి గాఢనిద్రలోనే కనుక, అది ముక్కలైతే కొందరు పిల్లలు బరువు, ఎత్తు పెరగక ఆగిపోతారు. మావాడు ఏడాదిలో కిలో కూడా పెరగలేదు, తిండి సరిగా తినడనే మేము అనుకున్నాం. మూసుకున్న గొంతుతో ఊపిరి లాగే ప్రయత్నంలో ఛాతీలో ఒత్తిడి మారి గుండె గోడలు సాగుతాయని, అప్పుడు గుండె విడుదల చేసే ఒక హార్మోను మూత్రాన్ని పెంచుతుందని, పక్క తడపడానికి అది ఒక కారణమని విన్నప్పుడు, ఆ విషయంలో వాణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తుకొచ్చాయి. తీవ్రంగా ఉన్నప్పుడు రక్తపోటు పెరగడం, గుండె కుడివైపు భారం పడటం కూడా ఉంటాయి. ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. 1976లోనే అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో క్రిస్టియన్ గిలెమినో బృందం ఎనిమిది మంది పిల్లలను పరిశీలించి, ఆగి ఆగి వచ్చే పెద్ద గురకతోపాటు చదువులో వెనకబడటం, పగటి ప్రవర్తనలో తేడా, కొత్తగా మొదలైన పక్క తడపడం, ఉదయపు తలనొప్పి, బరువులో తేడా ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూడాలని రాసింది. మావాడిలో రక్తపోటు తప్ప దాదాపు అన్నీ ఉన్నాయి.

ఇక పరీక్ష రాత్రి. బుకింగ్ దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. కౌంటర్లో ఉన్నవారు, ఇంటికే పట్టుకెళ్ళి పెట్టుకునే చిన్న పరికరం ఉందని, ఖర్చు సగమే అవుతుందని, ఖమ్మం నుంచి వచ్చినవాళ్ళం కనుక అదే మేలని నచ్చజెప్పబోయారు. మేము దాదాపు ఒప్పుకున్నాం. అనుమానం వచ్చి డాక్టరును అడిగితే ఆవిడ కౌంటరుకు ఫోన్ చేసి మరీ వద్దన్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లోనే పిల్లల్లో ఊపిరి సమస్య నిర్ధారించడానికి ఇంటి పరికరాన్ని సిఫారసు చేయడం లేదని ప్రకటించింది. అదే ఆసుపత్రిలో ఒకరు అమ్మజూపినదాన్ని మరొకరు వద్దనడం రోగులకు మంచిది కాదు. అడగకపోయి ఉంటే ఏమయ్యేదన్నది వేరే మాట.

రాత్రి ఎనిమిదింటికల్లా రమ్మన్నారు, వెళ్ళాం. తీగలు పెట్టడం మొదలైంది పది దాటాక. అప్పటికి వాడికి ఒళ్ళు తెలియని అలసట, దాని వెంటే వచ్చే పెంకితనం. గది శుభ్రంగానే ఉంది, బాత్‌రూమ్ ఉంది, తల్లికో తండ్రికో ఒక మడత మంచం ఇచ్చారు. కానీ అన్నీ పెద్దవాళ్ళ కొలతలే. ముక్కు దగ్గర పెట్టే గొట్టం పెద్ద సైజుది తెచ్చి, అది నిలవక, చిన్న సైజు కోసం మరో అంతస్తుకు మనిషిని పంపారు. తలుపు కింది సందులోంచి వరండా లైటు రాత్రంతా మొహాన కొట్టింది. చివరికి నా చున్నీ మడిచి అక్కడ పెట్టాను.

ఆ రాత్రి గట్టెక్కించినది తీగలు పెట్టిన టెక్నీషియన్ అమ్మాయి. తల మీద, కళ్ళ పక్కన, గడ్డం కింద, పిక్కల మీద, ఛాతీకీ పొట్టకీ పట్టీలు, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, ఇలా ఇరవైకి పైగా అతికించాలి. మావాడు చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి బలవంతం చేయలేదు. వాడి సంకలోని గుడ్డ ఏనుగును చూసి “నాన్నా, ముందు దీనికి పెడదామా? దీనికీ గురక వస్తుందా?” అంది. ఏనుగు తొండం మీద ఒక తీగ, చెవి మీద ఒక తీగ అతికించింది. మూడో తీగను వాడే అందుకుని ఏనుగు పొట్ట మీద పెట్టాడు. నాలుగోది తన చేతి మీద పెట్టించుకున్నాడు. నలభై నిమిషాల పనిని ఆ అమ్మాయి గంటా పది నిమిషాలు చేసింది, ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. జీతానికి చేసే పనిలో ఇంత ఓర్పు ఎక్కడిదో!

తెల్లవారుజామున ఐదింటికి మరొకరు వచ్చి, డ్యూటీ మారుతోందని, తీగలు తీసేస్తామని అన్నారు. ఇక్కడ నేను మొండికేశాను, అదీ డాక్టరు ముందే చెప్పి పంపబట్టి. పిల్లల్లో ఊపిరి అడ్డుపడటం ఎక్కువగా కలలు వచ్చే నిద్రలో జరుగుతుంది, ఆ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువగా ఉంటుంది. ఐదింటికే లేపేస్తే అసలు చూడవలసినదాన్నే వదిలేసినట్టు. కాస్త సణుక్కున్నా ఆరున్నర దాకా ఉంచారు. తర్వాత నివేదికలో చూస్తే, నమోదైన అడ్డంకుల్లో చాలావరకు మూడున్నర తర్వాతివే.

ఆ నివేదిక గురించి చెప్పాలి. నాలుగు రోజుల తర్వాత మెయిలులో వచ్చిన మొదటి పేజీ మీద, గంటకు ఊపిరి అడ్డంకుల సంఖ్య 3.8 అని, ఐదుకు లోపు కనుక ‘సాధారణం’ అని ముద్రించి ఉంది. అది చూసి మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు, ఇక అంతా అల్లరేనన్నమాట అని తేల్చేశారు. నేను కూడా రెండు రోజులు అలాగే అనుకుని, ఆ రెండు రోజుల్లో వాణ్ణి ఒకసారి కొట్టాను కూడా. డాక్టరు దగ్గరకు వెళితే ఆవిడ ఆ పేజీని చూసి, పెన్నుతో ఆ మాటను కొట్టేశారు. ఐదు అన్నది పెద్దల లెక్క. పిల్లల్లో గంటకు ఒకటి దాటితేనే లెక్కలోకి తీసుకోవాలి. ఒకటి నుంచి ఐదు దాకా స్వల్పం, పది దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. పెద్దల్లో పది సెకన్లు ఊపిరి ఆగితే ఒకటిగా లెక్కిస్తారు. పిల్లల్లో రెండు ఊపిరులకు పట్టేంత సమయం ఆగినా లెక్కే. యంత్రంలోని సాఫ్ట్‌వేరు పెద్దల ప్రమాణంతో ముద్రించిన మాటను ఎవరూ సరిచూడకుండా పంపేశారు. పైగా 3.8 అన్నది రాత్రంతటి సగటు మాత్రమే. కలల నిద్రను విడిగా తీస్తే గంటకు 14 ఉంది, ఆక్సిజన్ ఒక దశలో 88 శాతానికి దిగింది. నేను సున్నా మార్కులు వేసినది ఇందుకే. ఆవిడ క్షమాపణ చెప్పి, సరిచేసిన నివేదిక ఇప్పించారు. ఆ మొదటి కాగితం పట్టుకుని మేము నేరుగా ఖమ్మం వెళ్ళిపోయి ఉంటే, స్కూలు కౌన్సెలర్ చెప్పిన దారిలోనే నడిచేవాళ్ళం.

నివేదికలో మరో సంగతి కూడా బయటపడింది. వాడి కాళ్ళు నిద్రలో గంటకు ఏడుసార్లు లయగా కదులుతున్నాయి. పిల్లల్లో ఐదు దాటితే పట్టించుకోవాలట. దీనికి ఒంట్లో ఇనుము నిల్వలకు సంబంధం ఉండటంతో ఫెరిటిన్ పరీక్ష చేయించారు. మావాడికి 18 వచ్చింది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా, ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లల్లో ఫెరిటిన్ 50 అయినా ఉండేలా చూస్తారని చెప్పి ఇనుము సిరప్ రాశారు. పాలతో ఇస్తే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో ఇమ్మన్నారు. పళ్ళు నల్లబడకుండా వెంటనే నోరు పుక్కిలించమన్నారు. గురక కోసం వెళితే ఇనుము లోపం తెలియడం ఈ పరీక్ష వల్ల కలిగిన అసలు లాభాల్లో ఒకటి.

వైద్యం విషయంలో ఆవిడ తొందరపడలేదు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే పన్నెండు వారాలు వాడి చూద్దామన్నారు. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమచేత్తో, ఎడమ ముక్కుకు కుడిచేత్తో, మధ్య గోడకు తగలకుండా చెవి వైపుకు కొట్టాలని మా ముందే చేయించి చూశారు. అంతకుముందు ఏడాది ఇంకో చోట ఇదే మందు రాసిచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదు, మేము కొట్టిందంతా గొంతులోకి జారేది. దీనితోపాటు ఎలర్జీకి, ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ మాత్ర కూడా కొందరికి ఇస్తారట. మావాడికి అప్పుడే వద్దన్నారు. ఆ మందుతో కొందరు పిల్లల్లో చిరాకు, పీడకలలు, మానసికమైన మార్పులు వస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది, కోపంతో వచ్చిన పిల్లవాడికి మొదటే ఆ మందు ఇవ్వడానికి మనసొప్పదన్నారు. నిద్ర కోసం దుకాణాల్లో దొరికే మెలటోనిన్ చప్పరింపు బిళ్ళల సంగతి అడిగితే, అవి మూసుకున్న దారిని తెరవవు కదా అని ఒక్క మాటలో తేల్చారు.

ఆపరేషన్ గురించి ఆవిడ చెప్పిన తీరు నాకు నచ్చింది. అమెరికాలో ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 464 మందిపై జరిగి, 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, టాన్సిల్స్, అడినాయిడ్స్ వెంటనే తీయించుకున్నవారిలో 79 శాతం మందికి, తీయించకుండా ఏడు నెలలు వేచి చూసినవారిలో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ప్రవర్తన, చికాకు, జీవన నాణ్యత ఆపరేషన్ అయినవారిలోనే ఎక్కువ మెరుగుపడ్డాయి. కానీ శ్రద్ధను కొలిచే పరీక్షలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్ చేయిస్తే మార్కులు పెరుగుతాయని ఎవరైనా అంటే నమ్మవద్దని, పొద్దున నవ్వుతూ లేవవచ్చని మాత్రం తాను చెప్పగలనని అన్నారు. దాదాపు సగం మందికి కత్తి పడకుండానే తగ్గిందన్న ఆ రెండో అంకె వల్లే మేము ముందు మందుతో ఆగాం. తీవ్రంగా ఉన్న పిల్లల విషయంలో ఇలా ఆగడం కుదరదని కూడా ఆవిడ స్పష్టంగా చెప్పారు.

మాకు అన్నిటికంటే కష్టమైనది మందు కాదు, పడుకునే వేళ. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరం. మా డైరీలో సగటు ఏడు గంటల నలభై నిమిషాలు తేలింది. వ్యాను ఏడుంపావుకు వస్తుంది, ఆరింటికి లేపాలి. వాళ్ళ నాన్న దుకాణం మూసి వచ్చేసరికి పది అవుతుంది, ఆయన స్కూటరు శబ్దం వినేదాకా వాడు పడుకోడు. నిద్ర తక్కువైన పిల్లల తల్లిదండ్రులంతా ఫోను చేతికిచ్చి వదిలేసినవారేనన్నట్టు మాట్లాడటం సులువు. నాన్నను చూడటానికి కాసుకుని కూర్చున్న పిల్లవాణ్ణి ఏమంటాం? డాక్టరు నిద్రను ఒక్కసారిగా రెండు గంటలు ముందుకు జరపమనలేదు. మాంట్రియల్‌లో రెయూత్ గ్రూబర్ బృందం 2012లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఏడు నుంచి పదకొండేళ్ళ పిల్లల నిద్రను సగటున 27 నిమిషాలు పెంచితేనే, ఎవరు ఎంత నిద్రపోయారో తెలియని టీచర్లకు కూడా వారి చిరాకులోనూ తొందరపాటులోనూ తగ్గుదల కనిపించిందని చెప్పి, వారానికి పావుగంట చొప్పున జరపమన్నారు. ఇప్పుడు వాడు తొమ్మిదింటికి పడుకుంటున్నాడు. పొద్దున వాడికి స్నానం చేయించి వ్యాను ఎక్కించే పని వాళ్ళ నాన్నది.

పన్నెండు వారాలకు మా ఇంటి లెక్క ఇలా ఉంది. వారానికి నాలుగు రాత్రులు పక్క తడిపేవాడు, ఇప్పుడు ఒకటి. రాత్రి కేకలు రెండు నెలలుగా లేవు. బరువు కిలోన్నర పెరిగాడు. డైరీలో ఎర్ర సిరా పూర్తిగా పోలేదు, గత నెలలో రెండుసార్లు కనపడింది. వాడు స్వతహాగా కాస్త మొండివాడే, అది నా పోలిక. గురక తగ్గింది కానీ జలుబు చేస్తే మళ్ళీ వస్తోంది, నోరు తెరిచి పడుకోవడం కూడా పూర్తిగా మానలేదు.

ఖర్చు విషయానికి వస్తే, రాత్రి పరీక్షకు పదహారు వేలు, డాక్టరు ఫీజు ప్రతిసారీ తొమ్మిది వందలు అయ్యాయి. తక్కువేమీ కాదు. గురక పెట్టే ప్రతి పిల్లవాడికీ ఈ పరీక్ష అక్కరలేదని నా అభిప్రాయం. ముందు వీడియో, డైరీ పట్టుకుని మీ ఊళ్ళోని చిన్నపిల్లల డాక్టరునో ఈఎన్‌టీ డాక్టరునో కలవండి. డౌన్ సిండ్రోమ్ అనే జన్యులోపంతో పుట్టిన పిల్లలకు మాత్రం గురక ఉన్నా లేకపోయినా నాలుగేళ్ళలోపు ఈ పరీక్ష చేయించమని అమెరికా చిన్నపిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. వెళ్ళేవారు బుకింగ్ రోజే అడగవలసినవి కొన్ని ఉన్నాయి: నివేదికను పిల్లల ప్రమాణాలతో చదివేది ఎవరు, పిల్లల సైజు గొట్టాలు, పట్టీలు ఉన్నాయా, ఊపిరిలో బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కూడా కొలుస్తారా, తీగలు ఎన్నింటికి పెడతారు, పొద్దున ఎన్నింటికి తీస్తారు. మా కేంద్రంలో ఆ వాయువును కొలవలేదు. పిల్లల పరీక్షలో అది ఉండవలసినదేనని డాక్టరే ఒప్పుకున్నారు.

తలకు పెట్టిన జిగురు వదలడానికి రెండు తలంటులు పట్టాయి. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ చూపించాలి. అప్పటికీ గురక ఉంటే ఈఎన్‌టీ డాక్టరును కూర్చోబెట్టి ఆపరేషన్ విషయం మాట్లాడదామన్నారు. మావాడు మాత్రం ఆసుపత్రికి రానంటున్నాడు, ఆ అక్క ఉంటే ఏనుగును పంపిస్తానంటున్నాడు.